తలకు తగిలిన ఆట

సౌదీకి నర్సులుగా వెళ్లబోయే అమ్మాయిలు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు ఎన్నాళ్లకు చేతికొస్తుంది, కాంపౌండ్ దాటితే ఒళ్లంతా కప్పే అబాయా వేసుకోవాలా, సెలవు అడిగితే ఇస్తారా. వీటి జవాబులు ఏటేటా మారుతుంటాయి, నాకంటే ఏజెంట్లకే బాగా తెలుసు. వాళ్లు అడగనిది ఒకటుంది, నేను చెప్పాలనుకునేది అదే. బాగానే ఉన్నానని అబద్ధం చెప్పే మనిషికి వైద్యం ఎలా చెయ్యాలి? నా ఉద్యోగంలో ముప్పాతిక వంతు అదే.

నేను తెనాలి దగ్గర పుట్టి, గుంటూరులో నర్సింగ్ చదివి, ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఒక కాంపౌండ్ క్లినిక్‌లో గడిపాను. అల్ ఖోబర్ నుంచి రాస్ తనూరా వెళ్లే దారిలో, చమురు ట్యాంకులు తయారుచేసి బాగుచేసే ఒక కాంట్రాక్టు కంపెనీ ఉండేది. గోడ లోపల అమెరికన్ ఇంజనీర్ల విల్లాలు, ఈతకొలను, క్లబ్బు, నీళ్లు పోసి పోసి బతికించే పచ్చగడ్డి మైదానం. గోడ అవతల పనివాళ్ల క్యాంపు. రెండింటికీ క్లినిక్ ఒక్కటే, తలుపులు మాత్రం రెండు. ఇటు తలుపులోంచి ఇంజనీర్లు, వాళ్ల కుటుంబాలు వచ్చేవారు. అటు తలుపులోంచి పనివాళ్లు.

ఆసుపత్రికి మనిషి జబ్బు చేసి వస్తాడు. కాంపౌండ్ క్లినిక్‌కి మాత్రం తనకు జబ్బు లేదని రాయించుకోవడానికి వస్తాడు. పనికి పనికొస్తాడని ముద్ర పడకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే ఇకామా లేదు, ఇకామా లేకపోతే ఇల్లు లేదు. అందుకే అక్కడ ఎవరికీ ఏ నొప్పీ ఉండదు. మొదటి రోజునుంచే మీరు ఇది మనసులో పెట్టుకోవాలి.

ఆ ఆట

అబద్ధం చెప్పేవాళ్లను ఎలా పట్టుకోవాలో నాకు నేర్పింది ఒక ఆట. అమెరికన్ల ఫుట్‌బాల్.

పేరుకే ఫుట్‌బాల్. కాలితో తన్నేది తక్కువ. కోలగా ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తాలి, లేదా ముందున్న తమవాడికి విసరాలి. అవతలి జట్టు వాళ్లు ఒంటితో గుద్ది పడేస్తారు. కబడ్డీలో పట్టు పట్టినట్టు కాదు, ఎదురుగా పరుగెత్తుకొచ్చి పొట్టేళ్లలా ఢీకొంటారు. తలకు హెల్మెట్, భుజాలకు దిండ్లు కట్టుకుంటారు. మా కాంపౌండ్ మైదానంలో అవి లేకుండా సరదాకి ఆడేవారు. సరదాగా మొదలైనది రెండో అరగంటకు నిజం ఆటగా మారేది, నేను ఐస్ సంచులు పట్టుకుని గీత అవతల నిలబడేదాన్ని.

అసలు ఆటగాళ్ల ఆట టీవీలో. గురువారం రాత్రి అక్కడ ఆడే మ్యాచ్ మాకు శుక్రవారం తెల్లవారుజామున వచ్చేది. అంత పొద్దున్నే లేవలేక, పదింటికి క్లబ్బులో రికార్డింగ్ వేసుకుని చూసేవారు. అప్పటిదాకా ఎవరు గెలిచారో ఎవరి నోటా రాకూడదు. క్లబ్బు చూసుకునే మస్తాన్ భాయ్ గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ల ఫోన్లు తీసి బుట్టలో వేసేవాడు. మస్తాన్‌ది కడప. కూలర్లు బాగుచేసే పనికి వచ్చి, ఎదిగి, క్లబ్బు సూపర్‌వైజర్ అయ్యాడు. పకోడీలు వేయిస్తూ, వెనక నిలబడి ఆట చూసి చూసి, అమెరికన్లకంటే ఎక్కువ పిచ్చి పట్టించుకున్నాడు.

"వాళ్లలా గుద్దుకుంటుంటే నీకేం బాగుంటుంది మస్తాన్ భాయ్?" అని ఒకసారి అడిగాను.

"మీరు ఆ గుద్దుకోవడమే సూస్తా ఉన్నారు సిస్టర్. బంతిని సూడండి" అన్నాడు. "ఆయప్ప చేతిలోంచి ఇడిసినాక, ఈయప్ప చేతిలో పడేదాకా, అది ఎవురిదీ గాదు. అంతసేపూ నాకు ఊపిరాడదు. ఆ కాస్త సేపు కోసమే కూసోనుంటా నేను."

నా ప్రశ్న

తలకు దెబ్బ తగిలినవాడిని నర్సు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ రోజు ఏ వారం, మనం ఎక్కడున్నాం, నీ పేరేంటి. పుస్తకంలో అవే ఉంటాయి. మొదటి ఏడాది ఒక వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ మైదానంలో తల కొట్టుకుని, కళ్లు తేలేసి, లేచి కూర్చున్నాడు. నేను నోరు తెరవకముందే "శుక్రవారం, సౌదీ అరేబియా" అని నవ్వాడు. చిన్నప్పటినుంచి ఆడినవాళ్లకు ఆ జవాబులు కంఠస్థం. మళ్లీ ఆటలోకి పంపాలంటే ఏం చెప్పాలో వాళ్లకు తెలుసు. ఆ సాయంత్రం ఆయన తన విల్లా ఏదో తెలియక వీధిలో తిరుగుతుంటే మస్తాన్ తీసుకొచ్చాడు.

అప్పటినుంచి ప్రశ్న మార్చాను. "ఈ ఆటలో మీకు బాగా నచ్చేదేంటి? మీ చేతిలో ఉంటే ఏం మారుస్తారు?"

అభిమానికి ఈ ప్రశ్న వేస్తే ఆపడం కష్టం. కంఠస్థం చేసిన జవాబు ఉండదు, మాటలు వెతుక్కోవాలి, ఒకదాని తర్వాత ఒకటి పేర్చాలి, మొదలుపెట్టినది ముగించాలి. తల బాగా పనిచేస్తుంటే ఎంత గజిబిజిగా చెప్పినా దారి ఉంటుంది. దెబ్బ లోపల తగిలి ఉంటే మధ్యలో ఎక్కడో దారి తప్పుతాడు. వినేవాళ్లకు ఆట తెలియాల్సిన పని లేదు, ఓపిక ఉంటే చాలు.

అలా ఏళ్ల తరబడి ఎన్ని జవాబులు విన్నానో. పైపుల డిజైన్ చేసే ఒకాయనకు ఆటలో ఒక ఎత్తుకూ ఇంకో ఎత్తుకూ మధ్య వచ్చే విరామం ఇష్టం, తర్వాత ఏం చేస్తారో తను ముందే ఊహించాలట. ఒకావిడకు తన ఊరంతా ఒకే రంగు చొక్కాలు వేసుకోవడం ఇష్టం, తండ్రి పోయిన రోజున కూడా ఆ చొక్కాతోనే సాగనంపారట. మార్చాలనుకునేవీ బోలెడు. అంపైర్లు అన్నిసార్లు వీడియో తిప్పి చూడకూడదు. జట్టును ఒక ఊరినుంచి ఇంకో ఊరికి అమ్ముకుని పోకూడదు. ఆదివారం ఆడినవాళ్లను గురువారమే మళ్లీ ఆడించకూడదు. ఎందుకు అని అడిగితే, "ఒళ్లు హూనమై ఉంటుంది కదా, ఆట పసగా ఉండదు" అన్నాడు ఒకాయన.

అందరికంటే ఎక్కువమంది చెప్పింది ఇంకొకటి. తలమీద గుద్దితే శిక్ష అని కొత్తగా రూళ్లు పెట్టి ఆటను మెత్తబరిచేశారట. అది మార్చాలట. తలమీద ఐస్ పెట్టించుకుంటూ చెప్పేవారు.

డేల్

డేల్ మా కాంపౌండ్‌కి వచ్చినప్పుడు పెళ్లికొడుకు దిగినంత హడావిడి జరిగింది. ఆయన నిజంగా ఆ ఆట ఆడినవాడు, టీవీలో కనిపించే పెద్ద జట్టులో. కొన్నేళ్లు ఆడి, మోకాలు పోయి, మళ్లీ చదువుకుని ఈ ఉద్యోగంలోకి వచ్చాడు. పరుగెత్తుకొచ్చేవాడికి ఎదురెళ్లి గుద్ది నిలబెట్టడం మైదానంలో ఆయన పని. మా కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజర్. ట్యాంకు లోపలికి మనుషులు దిగాలంటే ఆయన సంతకం ఉండాలి.

తలుపు పట్టనంత మనిషి. వేళ్లన్నీ తలా ఒకవైపు వంకరపోయి ఉండేవి. మాట మాత్రం చాలా మెత్తన. నన్ను "మిస్ సుగుణ" అనేవాడు. అటు తలుపు దగ్గర పనివాళ్లు వరసలో ఉంటే, తను తర్వాత వస్తానని వెనక్కి వెళ్లిన ఒకే ఒక్క పెద్దాఫీసరు ఆయన.

మొదటిసారి రక్తపోటు చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఊరికే ఆ ప్రశ్న వేశాను. చాలాసేపు చెప్పాడు. ఆట మొదలవబోయే ముందు క్షణం తనకు ప్రాణమట. ఎదుటివాడు వంగి నేలమీద చెయ్యి ఆనిస్తాడు. వేలి కణుపులు తెల్లబడితే ముందుకు వస్తాడు, తెల్లబడకపోతే వెనక్కి జరుగుతాడు. "అది నాకు కనిపించేది మిస్ సుగుణ. వాడు ఏం చేస్తాడో వాడికంటే ముందు నాకు తెలిసేది." మార్చాలనుకున్నది ప్లాస్టిక్ గడ్డి. దానిమీద కాలు ఇరుక్కుంటే నేల వదలదట. అసలైన గడ్డి వెయ్యాలి, అంతే అన్నాడు.

ఆయన్ని చూడగానే మా కాంపౌండ్ వాళ్లంతా అడిగేది ఒకటే. ఒక మ్యాచ్‌లో ఆయన ఒకడిని గుద్దితే వాడి హెల్మెట్ ఎగిరిపడిందట. ఆ వీడియో అందరి దగ్గరా ఉంది. భోజనాల దగ్గర, పుట్టినరోజుల్లో, ఈతకొలను గట్టున, ఆ కథ చెప్పమనేవారు. ఆయన చెప్పేవాడు. చెబుతున్నప్పుడు ఆయన భార్య మార్లీన్ ప్లేటులోకి చూస్తూ ఉండేది.

తర్వాతి ఏళ్లలో ఆయన జవాబు చెడిపోవడం నేను దగ్గరుండి చూశాను. మొదట తేడా తెలియలేదు. ఒకసారి ప్లాస్టిక్ గడ్డి సంగతి చెప్పి, కాసేపాగి, కొత్తగా చెబుతున్నట్టు మళ్లీ చెప్పాడు. ఇంకోసారి గడ్డి అనే మాట దొరకలేదు. "అదే, కింద ఉంటుంది కదా, పచ్చగా" అని చేత్తో నేలను చూపించాడు. తలనొప్పి మాత్రలు అడగడం ఎక్కువైంది. వెలుతురు పడటం లేదని లోపల కూడా నల్ల కళ్లద్దాలు పెట్టుకునేవాడు. ఒక రోజు నా ప్రశ్న పూర్తికాకముందే రక్తపోటు మిషను ఎత్తి గోడకేసి కొట్టాడు. ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడి, "ఎవరది?" అని తలుపు వైపు చూశాడు.

నేను కిందపడిన ముక్కలు ఏరుతుంటే తనూ మోకాళ్లమీద కూర్చుని ఏరాడు. ఆ వంకర వేళ్లకు చిన్న ముక్కలు చిక్కలేదు. అప్పుడు ఏడ్చాడు.

అప్పలరాజుకి ఒక రూలు

మా డాక్టర్ నబీల్ గారు ఈజిప్టు ఆయన. చెడ్డవాడు కాదు. జ్వరంతో ఉన్నవాడి పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. కానీ కంపెనీకి నచ్చని మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయనకు ఏదో ఒక పని గుర్తొచ్చేది. మీకు ఇలాంటి పైవాళ్లే ఎక్కువగా తగులుతారు. దుర్మార్గుడైతే సులువు, ఎదురు తిరగొచ్చు. మంచివాడితోనే చిక్కు.

డేల్ సంగతి చెబితే ఆయన కాగితాలు సర్దుకుంటూ, "అలసట, సిస్టర్. ఎండాకాలం కదా. సెలవు పంపిద్దాం" అన్నాడు.

"డాక్టర్, అప్పలరాజు గుర్తున్నాడా?"

శ్రీకాకుళం వైపు కుర్రాడు, ట్యాంకుల చుట్టూ మంచెలు కట్టేవాడు. ఒక మధ్యాహ్నం క్యాంపులో మూర్ఛ వచ్చి పడిపోయాడు. అదే మొదటిసారి. ఎండదెబ్బ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, పరీక్షలు చేయిద్దామని నేనన్నాను. వద్దన్నారు. ఎత్తుమీద పనిచేసేవాడికి మూర్ఛ వస్తే వీసా కొట్టేసి ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్, రూలంటే రూలే అన్నారు. ఆ వారంలోనే విమానం ఎక్కించారు. "సిస్టరమ్మా, నానేటి తప్పు సేసినాను?" అని అటు తలుపు దగ్గర నిలబడి అడిగాడు. ఆ ముద్ర కొట్టింది నబీల్ గారే.

"అది వేరు" అన్నాడాయన.

"ఎలా వేరు?"

"యా సిస్టర్, డేల్‌ని ఈ కంపెనీలో అందరూ ప్రేమిస్తారు." అలా అని, తను అన్నది తనకే వినిపించినట్టు ఆగిపోయాడు. తర్వాత చేతి గడియారం చూసుకుని నమాజుకు లేచాడు.

ట్యాంకు

ఒక పొద్దున అటు తలుపులోంచి బిష్ణు అనే నేపాలీ కుర్రాడిని ఇద్దరు పట్టుకొచ్చారు. ఒళ్లంతా వణుకుతోంది. మోచేయి గీరుకుపోయి రక్తం కారుతోంది. ట్యాంకు లోపల మనుషులు పనిచేస్తుంటే, మూత దగ్గర నిలబడి కాపలా కాయడం బిష్ణు పని.

హిందీలో ఆగి ఆగి చెప్పాడు. లోపల ఇద్దరు మనుషులు తుడుస్తున్నారు. డేల్ వచ్చి, అందరూ బయటికి వచ్చేశారు, మూత పెట్టి నైట్రోజన్ వదలండి అన్నాడు. నిప్పంటుకోకుండా ఖాళీ ట్యాంకులో నింపే నైట్రోజన్‌కి రంగూ వాసనా ఉండవు. మూసిన ట్యాంకులో రెండు మూడు ఊపిరులు తీస్తే మనిషి దబ్బున పడిపోతాడు, మళ్లీ లేవడు. బిష్ణు లోపల మనుషులున్నారని చెప్పాడు. డేల్ లేరన్నాడు. మళ్లీ చెబితే భుజం పట్టి పక్కకు నెట్టాడు. బిష్ణు వెళ్లి ఆ కన్నంలో తలా భుజాలూ దూర్చేసి, బయటికి రండని లోపలికి అరుస్తూ కదలకుండా పడుకున్నాడు. ఆ ఇద్దరూ పైకి వచ్చాక డేల్ వాళ్లను చూసి, "మీరెప్పుడు లోపలికి వెళ్లారు?" అని అడిగాడట. కోపంగా కాదు, నిజంగా తెలియక.

నేను ఈసారి డాక్టరు గదిలో ఆగలేదు. కంపెనీ మేనేజరు వాల్ట్ దగ్గరికి వెళ్లాను. ఆయన గోడమీద డేల్ సంతకం పెట్టిన చొక్కా అద్దాల చట్రంలో ఉంది. నేను చెప్పినదంతా విన్నాడు. మనుషులు క్షేమమే కదా అన్నాడు. డేల్ ఇంతకంటే పెద్ద దెబ్బలు తిని ఆడిన మనిషి అన్నాడు. చివరికి ఖోబర్‌లో పెద్దాసుపత్రికి స్కానింగ్‌కు పంపడానికి ఒప్పుకున్నాడు.

స్కానింగ్‌లో వయసుకు మించి ఏమీ కనిపించలేదు. నేనూ వెంట వెళ్లాను కాబట్టి అక్కడి మెదడు డాక్టరు చెప్పింది నా చెవులతో విన్నాను. ఇలా ఏళ్ల తరబడి తగిలిన దెబ్బల జబ్బును బతికున్న మనిషిలో కచ్చితంగా తేల్చలేం, చనిపోయాక మెదడు తెరిచి చూస్తేనే తెలుస్తుంది, ఈలోగా ఆయన్ని ప్రమాదమున్న పనిలో ఉంచకండి అన్నాడు. వాల్ట్ చెవికి ఎక్కింది మొదటి ముక్క ఒక్కటే. స్కానింగ్ శుభ్రంగా ఉంది. పనికి పనికొస్తాడని రాయడానికి నేను ఒప్పుకోలేదు. నబీల్ గారు నా మొహం చూడకుండా తనే ముద్ర కొట్టారు. మర్నాడు డేల్ మళ్లీ యార్డులో ఉన్నాడు. 

మార్లీన్

దుమ్ముగాలి వీస్తున్న రోజు మార్లీన్ క్లినిక్‌కి వచ్చింది. జుట్టునిండా ఇసుక. గొంతు నొప్పి అంది. గొంతులో ఏమీ లేదు.

"ఆయన్ని అడుగుతారట కదా, ఒక ప్రశ్న. నన్నూ అడగండి" అంది.

అడిగాను. నచ్చేదేంటి?

"చప్పుడు" అంది వెంటనే. "నేను స్టేడియంలో పై వరసల్లో కూర్చునేదాన్ని. అంత పైకీ వినిపించేది. అందరూ కొట్టుకుంటున్నా డేల్ కొట్టిన చప్పుడు వేరుగా ఉండేది, కళ్లు మూసుకున్నా గుర్తుపట్టేదాన్ని. అది వినగానే లేచి నిలబడి అరిచేదాన్ని. నా మొగుడు, నా మొగుడు అని పక్కవాళ్లను పట్టుకుని ఊపేసేదాన్ని."

"ఏం మారుస్తారు?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. బయట ఏమీ కనిపించడం లేదు, అంతా ఎర్రటి దుమ్ము.  "రాత్రిళ్లు నన్ను తన అక్క అనుకుంటున్నాడు" అంది.

ట్యాంకు సంగతి ఆవిడకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. రోగి ఇంట్లోవాళ్లకు ఎంత చెప్పాలి అని మీరు క్లాసులో చదువుకుంటారు. ఆ రోజు నాకు ఆ పాఠం గుర్తుకు రాలేదు, అటు తలుపులోంచి వచ్చే మనుషులే గుర్తొచ్చారు. ఆవిడ విని, లేచి, స్కార్ఫ్ కట్టుకుని తిన్నగా వాల్ట్ ఆఫీసుకు వెళ్లింది. నా మొగుడిని తీసెయ్యండి, లేకపోతే నేను పైవాళ్లకు చెబుతాను అంది. భార్యే అడిగాక వాల్ట్‌కి దారి లేకపోయింది. ఉద్యోగం పోతే విల్లా పోతుందని, వైద్యం ఖర్చు పెట్టే దిక్కు పోతుందని, వెనక్కి వెళితే ఉండటానికి చోటు వెతుక్కోవాలని ఆవిడకు తెలుసు. తెలిసే అడిగింది.

గేటు దగ్గర

వెళ్లిపోయే ముందు శుక్రవారం క్లబ్బులో వీడ్కోలు పెట్టారు. పెద్ద తెరమీద ఆ హెల్మెట్ ఎగిరిపడే వీడియో మళ్లీ మళ్లీ వేశారు. వేసిన ప్రతిసారీ చప్పట్లు. ఫోటోలకోసం ఆయన్ని భుజం వంచి గుద్దుతున్నట్టు నిలబడమన్నారు. ఆ ఒంటికి అది మాత్రం బాగా గుర్తుంది. పాపం, చక్కగా నిలబడ్డాడు. మస్తాన్ నేనున్న వంటింట్లోకి వచ్చి గోడకు మొహం పెట్టుకున్నాడు.

"ఇంగ సాలు అని చెప్పండి సిస్టర్. మీరు చెప్తే ఇంటారు."

"నేను చెబితే ఎవరు వింటారు మస్తాన్ భాయ్?"

"ఆయప్ప నాకు ఒగసారి చెప్పినాడు. దెబ్బ తగిలినాక కండ్లముందర తెల్లగా అయిపోయి, ఎటు పోవాల్నో తెలీక, అవతలోళ్ల గుంపులో పోయి నిలబడినాడంట. జనాలు నవ్వినారంట. నేనూ నవ్వినా సిస్టర్, ఆయప్ప చెప్తా ఉంటే."

మర్నాడు మధ్యాహ్నం కారు గేటు దగ్గర ఆగినప్పుడు నేను వెళ్లాను. మార్లీన్ నా చెయ్యి పట్టుకుంది. డేల్ ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ఆయన తల బాగుంది, నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టకపోతే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను.

"నన్ను ఆటలోంచి తీసేయించింది నువ్వే" అన్నాడు మెత్తగా. "నేను ఇంకా ఆడగలను మిస్ సుగుణ. ఎవరూ నన్ను అడగలేదు."

అద్దం ఎత్తేశాడు. కారు వెళ్లిపోయింది.

నేను చేసింది సరైన పనే. ఇప్పుడైనా అదే చేస్తాను. కానీ సరైన పని చేస్తే మంచి జరుగుతుందని మీకు చెప్పలేను. మా విషయంలో జరగలేదు. ట్యాంకు దగ్గర ఆయన బదులు ఇంకో సూపర్‌వైజర్ వచ్చాడు, అంతవరకే మంచి. బిష్ణు, అధికారి మాట వినలేదని పేరుపడి, కాంట్రాక్టు అయిపోగానే వెళ్లిపోయాడు. మళ్లీ పిలవలేదు.

ఫోను

మార్లీన్ అప్పుడప్పుడు ఫోను చేసేది. మొదటి ఏడాది ఇంట్లోనే ఉంచుకుంది. ఒకరోజు ఆయన ఆవిడను గోడకు అదిమిపెట్టాడు. ఎవరో అనుకున్నాడు. ఆవిడ పక్కటెముక విరిగింది. తర్వాత మతిమరపు వాళ్ల ఆశ్రమంలో చేర్చింది. అక్కడ హాల్లో టీవీలో ఆట వస్తే ఆయన లేచి నిలబడి, వంగి, నేలమీద చెయ్యి ఆనించేవాడట. అక్కడి మిగతా వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లట. మింగడం మరిచిపోయాక, నిమోనియాతో పోయాడు. అరవై కూడా నిండలేదు.

మెదడును పరీక్షకు ఇచ్చింది. నెలల తర్వాత జవాబు వచ్చినప్పుడు నాకు చేసింది.

"మీరు అనుకున్నదే" అంది. "చాలా ముదిరిపోయిందట. ఇప్పుడు దానికి పేరు పెట్టారు."

"తెలిశాక కాస్తయినా ఊరటగా ఉందా?"

"లేదు."  "మీరు ఆ రోజు అడిగారు కదా, ఏం మారుస్తారని. అప్పుడు చెప్పలేకపోయాను. నన్ను నేను మార్చుకోవాలి. కానీ నిజం చెప్పనా? ఆ వయసు, ఆ స్టేడియం మళ్లీ ఇస్తే, ఆ చప్పుడు వినగానే నేను మళ్లీ లేచి నిలబడతాను. అదే నాకు భయం."

  

కాంపౌండ్ వాళ్లకు చెప్పమంది. చెప్పాను. అందరూ నిజంగా బాధపడ్డారు. వాల్ట్ అద్దాల చట్రంలోని చొక్కాకు నల్ల రిబ్బను కట్టాడు. ఆయన పేరుమీద మైదానంలో మ్యాచ్ పెట్టారు. గట్టిగా గుద్దినవాడికి డేల్ పేరుతో బహుమతి. నేను గీత అవతల ఐస్ సంచులు పట్టుకుని నిలబడ్డాను, ఎప్పటిలాగే.

ఆఖరి శుక్రవారం

నా రిటైర్మెంటుకు ముందు శుక్రవారం మస్తాన్ క్లబ్బుకు రమ్మన్నాడు. నాకోసం బొరుగులతో ఉగ్గాని, బజ్జీ చేశాడు. డేల్ పోయినప్పుడు ఇక ఆట చూడనని ఒట్టు పెట్టుకున్నాడు మస్తాన్. కొన్ని వారాలు చూడలేదు కూడా. అప్పటికి మళ్లీ వెనక గోడకు ఆనుకుని చూస్తున్నాడు. నేను అడగకముందే సిగ్గుపడి, "ఇంగేం ఉంది సిస్టర్ ఈడ మాకు, శుక్రవారం పూట?" అన్నాడు.

హాలు నిండా జనం. నేను ప్లేటు ఒళ్లో పెట్టుకుని వెనక కుర్చీలో కూర్చున్నాను. జట్ల పేర్లు కూడా నాకు సరిగా తెలియవు. ఒకడు బంతిని చాలా దూరం విసిరాడు. అది లేచి, లేచి, దీపాల వెలుతురులో తిరుగుతూ వెళుతోంది. కింద ఒక కుర్రాడు వెనక్కి చూసుకుంటూ పరుగెడుతున్నాడు. హాల్లో ఒక్కరూ ఊపిరి తీయడం లేదు. వాడు గాల్లోకి ఎగిరి వేళ్ల కొసలతో బంతిని అందుకున్నాడు. అందరం లేచాం. అవును, నేనూ లేచాను. ప్లేటు కిందపడిన సంగతి కూడా నాకు తెలియలేదు.

గాల్లో ఉండగానే ఇంకొకడు పక్కనుంచి వచ్చి వాడిని గుద్దాడు. తల ముందు నేలకు తగిలింది. చేతులు రెండూ బిగుసుకుపోయి గాల్లోకి లేచి అలాగే ఉండిపోయాయి. అది మెదడుకు దెబ్బ తగిలిన గుర్తని నాకు తెలుసు. ఆ హాల్లో ఇంకెవరికీ తెలిసి ఉండదు. బంతి పట్టు నిలబడిందా లేదా అని అరుచుకుంటున్నారు. తెరమీద కూడా దాన్నే అటూ ఇటూ తిప్పి చూపించారు. బంతి, వేళ్లు, నేల. అంపైరు చెయ్యి ఎత్తాడు, సగం హాలు గంతులు వేసింది. ఆట మళ్లీ మొదలైంది. ఆ కుర్రాడి చోట వేరేవాడు ఉన్నాడు.

మస్తాన్ నా పక్కకు వచ్చి, కిందపడిన బజ్జీలు ఏరుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"లేసినాడా సిస్టర్, ఆ పిల్లోడు?"

"చూపించలేదు మస్తాన్ భాయ్."

"రికార్డింగే గదా, ఎనక్కి తిప్పుతా" అని రిమోట్ తీసుకున్నాడు. తిప్పాడు. బంతి మళ్లీ లేచింది, కుర్రాడు మళ్లీ ఎగిరాడు, మళ్లీ పడ్డాడు, చేతులు మళ్లీ అలా నిలబడ్డాయి. కెమెరా బంతి మీదికి వెళ్లిపోయింది. మస్తాన్ ఇంకోసారి తిప్పాడు. ముందు వరసలోంచి వాల్ట్ వెనక్కి తిరిగి, "చూసేశాం కదా, ముందుకు పోనివ్వవయ్యా" అని అరిచాడు.

మస్తాన్ రిమోట్ ఆయన చేతికిచ్చి, చీపురు తేవడానికి వంటింట్లోకి వెళ్లాడు.